ఉప్పు తిన్న కప్పు

కోళ్ల గాలి వెళ్లిన మర్నాడు

ఏ ఇల్లూ ఒక్క చుక్క కురవలేదు.

ముందు ఈ సంగతే రాయాలని చెప్పారు కాబట్టి ముందు ఇదే రాశాను. ఇళ్లకి కప్పులు వేసే ఆఫీసు నుంచి ధాత్రి అని ఒకమ్మాయి వస్తుంది. ప్రతి గాలి తర్వాతా ఏ కప్పు ఎలా ఉందో రాసిపెట్టి, తను ఫోన్ చేసినప్పుడు చదివి వినిపించే పని నాకు అప్పజెప్పింది. ఊళ్లో బాగా చదువుకున్నవాళ్లంతా మెట్ట మీది శిబిరాలకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఏడో తరగతిలో కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కూర్చోవడమే తప్ప పాసవలేదు. ఆ సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఇదివరకు తుఫాన్లకి పేర్లు పెట్టేవారట. ఇప్పుడు ఒకటి ఊరు దాటకముందే ఇంకొకటి గుమ్మంలో నిలబడుతుంటే ఎవరు మాత్రం ఎన్ని పేర్లని వెతుకుతారు? మా ఉప్పులపేటలో అది ఏది పట్టుకుపోతే ఆ పేరు పెట్టుకుంటున్నాం. మంచాల గాలి, బడిగంట గాలి, వంతెన గాలి. నిన్నటిది తవిటయ్య కోళ్లని గంపతో సహా లేపి సముద్రం మీదికి తీసుకుపోయింది.

"ఆటికి ఎగరడం వొచ్చని ఇన్నాళ్లూ నాతో ఒక్క ముక్కనలేదు సూడు బావా," అన్నాడు తవిటయ్య.

తవిటయ్య నా భార్య సన్నెమ్మకి అన్న. పెళ్లాం పోయాక పక్కింట్లో ఒక్కడే ఉంటున్నాడు. మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. గోడకి ఇటు నేను దగ్గితే అటు వాడు "మందేసుకో" అంటాడు.

కప్పుల గురించి రాయాలి. మా చిన్నప్పుడు తాటాకు కురిసేది, తర్వాత పెంకు కురిసేది, ఆ తర్వాత రేకులు కురవడానికి తీరిక లేక ఎగిరిపోయేవి. ఇప్పటి కప్పుకి ప్రాణం ఉంది. ధాత్రి వాళ్లు దాన్ని పులిసిన పిండిలా డబ్బాల్లో తెచ్చి గోడల మీద పోశారు. అది దానంతటదే పాకి, తెల్లగా, మందంగా, దూడ వీపులా తయారైంది. ఎక్కడ చుక్క కారితే అక్కడికి దారాల్లాంటి పోగులు పంపి చిల్లు పూడ్చేస్తుంది. మేత గంజి. గాలి వస్తుందని సైరన్ మోగగానే ఊళ్లో అందరూ నిచ్చెనలెక్కి కప్పులకి గంజి పోస్తారు. చూడ్డానికి ఊరు ఊరంతా ఇళ్లకి తలంటుతున్నట్టు ఉంటుంది.

మిగతా ఊళ్లలో ఇవే కప్పులు అక్కడో చుక్క ఇక్కడో చుక్క కారుతున్నాయి. మావి కారవు. ఎందుకో మాకు తెలుసు. మాది ఉప్పు మడుల ఊరు. ఇంటికి కొత్తగా ఏ ప్రాణి వచ్చినా, దూడైనా, కుక్కపిల్లైనా, కోడలైనా, గడప దగ్గర అరచేతిలో ఉప్పు గంజి పోసి తాగిస్తాం. తాగితే ఇంటిది అయిపోయినట్టే. ధాత్రి మాత్రం కప్పుకి ఉత్త గంజే పోయాలని మరీ మరీ చెప్పింది. అందరం తలలూపాం. ఆమె పడవ మలుపు తిరగ్గానే అందరం ఉప్పు కలిపాం. ప్రాణమున్నదానికి చప్పిడి ఎలా పెడతాం?

ఫోన్లో చదివేటప్పుడు ఈ పేరా దాటేస్తాను.

మబ్బు పట్టిన రోజు

పొద్దున్న లేచేసరికి ఇల్లంతా పొగ. పొయ్యి పైన పొగ పోవడానికి ఉంచిన కంతని కప్పు మూసేసింది. కొడవలితో కోసి తెరిచాను. అన్నం ఉడికేలోపు మళ్లీ మూసుకుంది.

"దాని పని అది బాగా సేస్తంది. నువ్వే దాని పనికి అడ్డం పడతన్నావు," అంది సన్నెమ్మ దగ్గుతూ.

మధ్యాహ్నానికి ఇంకో వింత. మూల నీళ్ల కూజా పెట్టి ఉంది. మట్టి కూజా కదా, చెమ్మ కారుతుంది. కప్పు నుంచి పోగులు గోడ వెంబడి దిగివచ్చి దాని ఒళ్లంతా అల్లుకున్నాయి. మూతితో సహా. మేం చూసేసరికి కూజా తెల్లటి సంచిలో పెట్టి కుట్టినట్టుంది. కోసి చూస్తే లోపల నీళ్లు అలాగే ఉన్నాయి. ఒక్క చుక్క పోలేదు.

తవిటయ్యని పిలిచి చూపించాను. వాడికి ముచ్చటేసింది. "మా ఇంట్లో కిటికీ మూసేసింది బావా. ఎంత సక్కగా మూసిందనుకున్నావు! ఏలు పెట్టి ఎతికినా కిటికీ ఎక్కడుండేదో దొరకనేదు."

"గాలి రాదు కదరా."

"గాలి రాకూడదనే కదేటి కప్పేయించుకున్నాం?"

బావమరిది అన్నమాట సబబుగా తోచడం నా కాపురంలో అదే మొదలు.

ఎండ కాసిన రోజు

మా ఇంట్లో కారేవి రెండే ఉండేవి. ఒకటి ఇల్లు, రెండోది సన్నెమ్మ కళ్లు. ఆమె ఏడవదు. నన్ను కట్టుకుని కూడా ఏడవలేదంటే ఇంక దేనికీ ఏడవదు. పదేళ్ల పిల్లగా మడుల్లోకి దిగింది. తెల్లటి ఉప్పు మీద ఎండ పడి కళ్లలోకి కొడుతుంది. దానికి తోడు ఉప్పు గాలి. మా ఊళ్లో ఆడవాళ్లందరికీ ఎంతోకొంత ఈ జబ్బు ఉంది, సన్నెమ్మకి మరీ ఎక్కువ. రెప్పలు ఒరుసుకుపోయి, పొద్దస్తమానం నీళ్లు కారుతూనే ఉంటాయి. కొంగు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆసుపత్రిలో చుక్కల మందు ఇచ్చారు. కారే కంట్లో ఇంకా చుక్కలు వేయడమేంటని ఆమె ఆ సీసాని అటక మీద పెట్టేసింది.

ఇవాళ అన్నాలయ్యాక ఆమె చాప మీద నడుం వాల్చింది. నేను పెరట్లో వల బాగుచేసుకుని వచ్చేసరికి, కప్పు నుంచి రెండు పోగులు నిట్టనిలువుగా దిగి ఉన్నాయి. సాలీడు దారం కన్నా కాస్త లావు. ఒకటి కుడి కంటి మీదికి, ఒకటి ఎడమ కంటి మీదికి. కొనలు రెప్పల అంచున మెల్లగా కదులుతున్నాయి, పసిపిల్లకి కాటుక పెడుతున్నట్టు.

చేత్తో లాగబోయాను.

"ఉండుండు," అంది సన్నెమ్మ. నిద్రపోవడం లేదు. "లాగకు. సల్లగుంది."

"ఏటి సల్లగుంది? లెగు ముందు!"

"మంట నేదు మావా. ఎన్నేళ్లయిందో మంట నేకుండా."

ఆమె లేచి కూర్చుంటే పోగులు వాటంతటవే తెగాయి. కళ్లు పొడిగా ఉన్నాయి. పెళ్లయినప్పటి నుంచి ఆమె మొహం పొడిగా ఉండగా నేను చూడలేదు. ఎవరో ఆమెలాంటి ఆవిడ వచ్చి మా ఇంట్లో కూర్చున్నట్టు అనిపించింది. రెప్పల అంచున మాత్రం సన్నటి తెల్లగీత ఉంది, ఆరిన గంజిలా. నేను గోకితే రాలేదు.

"అందంగున్నానా?" అంది.

"ఇన్నాళ్లూ నీళ్లడ్డొచ్చి నువ్వు నన్ను సరిగ్గా సూడనేదు. ఇప్పుడు సూసి ఎల్లిపోతావేమోనని బయ్యంగుంది," అన్నాను.

పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కంట్లో నీటి చెమ్మ మెరిసింది. పైన కప్పులో ఏదో కదిలి, ఒక పోగు జానెడు కిందికి దిగి, ఆగి, ఎదురుచూసింది.

నేను నవ్వించడం ఆపేశాను.

ధాత్రి వచ్చిన రోజు

కిటికీలు మూసుకున్నాయని ఫోన్లో చెబితే ధాత్రి పడవేసుకుని వచ్చింది. సన్నెమ్మని వెలుతురులో కూర్చోబెట్టి రెప్పలు చూసింది. తెల్లగీత ఇప్పుడు గీతలా లేదు. రెప్పలు సగానికి పైగా అతుక్కున్నాయి. సన్నెమ్మ మనిషిని చూడాలంటే తలెత్తి, మిగిలిన సందులోంచి చూస్తోంది.

"దీనికి ఏం పోస్తున్నారు బాబాయ్?"

"గంజే," అన్నాను.

"గంజే," అన్నాడు తవిటయ్య.

"గంజిలో?"

మేమిద్దరం కప్పు వైపు చూశాం. సన్నెమ్మకి మాత్రం దాచడమెందుకో అర్థం కాలేదు. "ఉప్పు. ఉప్పు నేకుండా ఎలా తాగుద్దమ్మా?"

ధాత్రి కుండ అడుగున మిగిలిన గంజిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. ఈ కప్పుకి మెదడంటూ లేదట. ఏ నీళ్ల రుచి మరిగితే ఆ నీళ్లు ఎక్కడ కారుతున్నాయా అని వెతుక్కుంటూ వెళ్లి ఆపుతుందట. దానికి వాన నీళ్ల రుచి ఒక్కటే తెలియాలి. అందుకే చప్పిడి గంజి. మేం ఉప్పునీళ్ల రుచి కూడా నేర్పాం.

"మనిషంటేనే ఉప్పునీళ్లు పిన్నీ. కన్నీళ్లు, చెమట, ఉమ్ము... దాని లెక్కలో మీరు కురుస్తున్న ఇల్లు."

"మరి కూజా?" అన్నాను. "కూజా ఏం ఉప్పు తింది?"

"మీ ఊరి బావి నీళ్లు తాగి చూశారా ఎప్పుడైనా?"

నిజమే. మాకు అవే మంచినీళ్లు. వాటిలో ఉప్పుందని బయటివాళ్లు చెబితే గానీ తెలియదు.

మేత ఆపేయమంది. వెంటనే ఇళ్లు ఖాళీ చేసి శిబిరానికి రమ్మంది. పడవ చిన్నది కాబట్టి ముందు పిల్లల తల్లుల్ని ఎక్కించుకుంది. మిగిలిన వాళ్లని తీసుకెళ్లడానికి రేపు వస్తానంది. వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచి, "రెప్పలతో ఆగదు బాబాయ్. ముక్కులో, నోట్లో కూడా తడి ఉంటుంది కదా," అంది.

సన్నెమ్మ రానంది. "అక్కడికెల్తే మళ్లీ కార్తాయి. మళ్లీ మంట. నాకొద్దు."

"నీకు సూపు పోతాది సన్నెమ్మా."

"ఏటుంది సూడ్డానికి? ఉప్పే కదా."

"నేనున్నాను."

"నిన్ను సూసీసినాను," అంది. నా జోకులన్నీ ఆమె దగ్గర నేర్చుకున్నవే.

గోడ అవతల తవిటయ్య నిచ్చెన ఎక్కుతున్న చప్పుడు. వెళ్లి చూస్తే నిండు బానతో గంజి పోస్తున్నాడు.

"ఒరే, ఆ పిల్ల సెప్పింది ఇన్నేదేటి?"

"పస్తు పెట్టి ఇంటికి కాపలా ఉండమంటే ఏ పేనవైనా ఉంటాదేటి బావా? నాది నా మాట ఇంటాది," అని అరచేత్తో కప్పుని నిమిరాడు. అది వాడి చేతి కింద చిన్నగా పైకి ఉబ్బింది.

గాలి

ధాత్రి పడవ కన్నా ముందు గాలి వచ్చింది. పట్టపగలే చీకటి పడింది. తలుపు వేయబోతే వేయాల్సిన పని లేకపోయింది. కప్పు దిగివచ్చి తలుపు మీద అప్పటికే పరుచుకుంది.

ఇంత నిశ్శబ్దమైన తుఫాన్ నేనెప్పుడూ చూడలేదు. బయట ఊరు ఊడిపోతోందని తెలుస్తూనే ఉంది, లోపల మాత్రం దుప్పటి కప్పుకున్నట్టుంది. దీపం వెలుగులో చూస్తే పైనంతా పోగులు. ఎండుగడ్డి తలకిందులుగా మొలిచినట్టు, అన్నీ ఒకేవైపు వంగి ఉన్నాయి. సన్నెమ్మ వైపు.

మేత ఆపాం కదా. ఆకలి మీద ఉంది.

పొడిగుడ్డతో ఆమె మొహం తుడుస్తూనే ఉన్నాను. తుడిచినంతసేపు ఆగి, గుడ్డ తీయగానే దిగుతున్నాయి. రెప్పలు పూర్తిగా అతుక్కుపోయాయి. ముక్కు పక్క నుంచి పొర పాకడం మొదలైంది. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో ఇదివరకటి నిబ్బరం లేదు.

"మావా, ఊపిరి అందట్నేదు."

నాకు చెమటలు పట్టాయి. పట్టగానే నా మెడ వెనక చల్లగా ఏదో తాకింది. నన్ను కూడా వెతుక్కుంది.

కోస్తే మూసుకుంటుందని తెలుసు. అయినా చేతిలో ఉన్నది కొడవలి ఒక్కటే. దాన్ని వెదురు కర్రకి కట్టి పైకి పొడిచి, నిలువునా చీల్చాను. వాన లోపలికి దూకింది. ఇన్నేళ్లూ ఇంట్లోకి రానివ్వకూడదని తారు పూసి, టార్పాలిన్లు కట్టి, గంజి పోసి ఆపిన వాన మొత్తం ఆ చీలికలోంచి మా నడినెత్తిన పడింది.

పోగులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత మమ్మల్ని వదిలేసి, గాబరాగా పైకి పాకడం మొదలుపెట్టాయి. దానికి మాకన్నా పెద్ద చిల్లు దొరికింది.

సన్నెమ్మని లాగి ఆ ధార కిందే కూర్చోబెట్టాను. వాన నీళ్లు మొహం మీద పడేకొద్దీ ఉప్పు కడుక్కుపోయింది. ముక్కు మీది పొర మెత్తబడి మీగడలా చేతికొచ్చింది. ఆమె గట్టిగా గాలి పీల్చింది. ఈలోగా పైన చీలిక మూసుకుపోయింది. పోగులు మళ్లీ మా వైపు తిరిగాయి. ఇంకోచోట కోశాను. మూసింది. ఇంకోచోట. మూసింది.

గోడ అవతల నుంచి తవిటయ్య గొంతు వినబడింది. "బావోయ్! వాన సప్పుడేటి? మీ ఇల్లు కురుస్తుందేటి?"

"కురిపిస్తన్నానురా! నువ్వూ కోసీ! కొడవలి తీసి కప్పు కోసీ!"

"కోస్తే కురుస్తాది కదా!"

"కురవాలిరా! కురిస్తేనే నిన్నొగ్గేస్తాది!"

"నీకు పిచ్చెక్కినాది. మా ఇంట్లో సుక్క నేదు," అన్నాడు. ఆ మాటలో ఎంత గర్వమో. తర్వాత కూడా ఏదో అన్నాడు, నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టుంది. తర్వాత అది కూడా లేదు.

గోడని పగలగొట్టి వెళ్దామనుకున్నాను. కొడవలి దించితే పోగులు సన్నెమ్మ మీదికి దిగుతాయి. దించలేదు.

చేతులు పడిపోయే వేళకి నా చేతిలో కర్రని ఎవరో లాక్కున్నారు. సన్నెమ్మ. ఒక కన్ను తెరుచుకుంది. రక్తం కారుతోంది, నీళ్లు కారుతున్నాయి, తిడుతోంది. "నువ్వు కూకో. వరస నేకుండా కోస్తన్నావు," అని కప్పు మీద కొడవలి పెట్టి, మడిలో ఉప్పు లాగినట్టు, ఈ మూల నుంచి ఆ మూలకి ఒకే లాగు లాగింది.

గాలి వెళ్లేవరకు వంతులవారీగా మా ఇంటిని మేమే కురిపించుకున్నాం.

పేరు పెట్టని గాలి తర్వాత

మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. తవిటయ్య ఇంట్లో ఎంతో చెప్పలేను. తవిటయ్య ఇంటికి గుమ్మం లేదు. కిటికీ లేదు, చూరు లేదు, మూలలు కూడా లేవు. తెల్లగా, నున్నగా, గుడ్డులా ఉంది. వాన దాని మీద నిలవకుండా జారిపోతోంది. ఇంత బాగా వేసిన కప్పు ఈ జిల్లాలో ఇంకొకటి ఉండదు.

చేత్తో తట్టాను. గోరువెచ్చగా ఉంది.

"బావా," అంది గోడ. నా అరచేతికి సరిగ్గా ఎదురుగా.

"తవిటీ! ఎక్కడున్నావురా?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

కాసేపు ఆలోచించుకుంది. "అంతటా," అంది.

కొడవలితో కోశాను. మోచేతి లోతు దాకా తెల్లటి కండే గానీ బోలు తగల్లేదు. కోసినచోట వెచ్చటి నీళ్లు ఊరాయి. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉన్నాయి. "ఓరోరి, నొప్పెడతంది బావా," అంది తవిటయ్య గొంతు. కొడవలి నా చేతిలోంచి జారిపోయింది. కోసినచోటు నా కళ్ల ముందే మూసుకుంది.

మధ్యాహ్నం ధాత్రి పడవ వచ్చింది. గోడకి చెవి ఆనించి విని, మెల్లగా పక్కకి జరిగింది. మేత మానేస్తే ఎండిపోతుందని చెప్పింది.

"ఏది ఎండిపోద్ది? కప్పా, మా బావమరిదా?"

చప్పిడి గంజి పోస్తూ ఉంటే ఉప్పు రుచి మరిచిపోయి మనిషిని వదలవచ్చు అంది. వదలవచ్చు, వదలకపోనూ వచ్చు. ఒక్క చిటికెడు ఉప్పు పడినా మాత్రం ఇంకా పెరుగుతుంది. పెరిగితే ఆనుకుని ఉన్నది మా ఇల్లే.

సన్నెమ్మ పట్టిన వాన నీళ్లతో గంజి కాచింది. నేను నిచ్చెన పట్టుకున్నాను, ఆమె ఎక్కి పోసింది. వానకి రెండో రెప్ప కూడా విడిపోయింది. ఆమె కళ్లు రెండూ ఎప్పటిలా ధారగా కారుతున్నాయి. తెల్లటి కప్పులోంచి ఒక పోగు లేచి, ఆమె చెంప దాకా వచ్చి, అన్న చెల్లెలి కన్నీళ్లు తుడిచినంత మెత్తగా తాకింది. ఆమె వెనక్కి వాలింది. నేను నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను.

"సెల్లీ," అంది లోపలి గొంతు, "గంజి సప్పగుంది. ఉప్పెయ్యనేదేటి?"

సన్నెమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మంటకి మొహం ముడుచుకుపోయింది. మా వాకిట్లో, వానకి కరగ్గా మిగిలిన ఉప్పు రాశి ఇంకా మనిషెత్తు ఉంది, ఎండకి తెల్లగా మెరుస్తోంది.

"అయిపోనాది అన్నియ్యా," అంది. "ఊర్లో ఎక్కడా నేదు."



"అలాగా. సరేలే," అని, గోడ గంజంతా తాగేసింది.